పళ్లకు క్లిప్పులు వేయించుకున్న రెండేళ్లు

నా పై పళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉండేవి. ఎనిమిదో తరగతిలో బడి వార్షికోత్సవం నాడు నాచేత ఒక వ్యాసం చదివించారు. మా నాన్న, బాపు, బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. చదివినంతసేపూ నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాను. ఇంటికొచ్చాక అన్నం తింటూ అమ్మతో అన్నాడు: "మంచిగ చదివింది గని, ఎవ్వలకు ఇనవడలె."

పళ్లు సరిచేసే వైద్యం అప్పట్లో మా గోదావరిఖనిలో లేదు. వరంగల్‌లో ఒక పళ్ల డాక్టరమ్మ చేస్తుందని ఎవరో చెబితే, బాపు సెలవు పెట్టి నన్ను రైల్లో తీసుకెళ్లాడు. పళ్లు లోపలికి జరిగే చోటు కోసం ఆమె రెండు మంచి పళ్లు తీసేసింది. మిగతావాటికి చిన్న చిన్న లోహపు బిళ్లలు అతికించి, వాటి మీదుగా తీగ లాగింది. నెలకోసారి వెళితే తీగ బిగించేది. బిగించాక రెండు రోజులు పళ్లన్నీ సలుపుతుంటే, అమ్మ పప్పన్నం మెత్తగా పిసికి పెట్టేది.

మా క్వార్టర్ల ఆడవాళ్లు పెళ్లి కోసమేనా అని అడిగేవారు. వివరించలేక అమ్మ అవుననేది. బాపు మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "లగ్గం సంగతి తర్వాత. ముందుగాల నలుగుట్ల నోరు తెరిచి మాట్లాడాలె," అనేవాడు.

బొగ్గుబాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. అందుకే చాలామందిలాగే బాపు కూడా తంబాకు సున్నంతో నలిపి కింది పెదవి లోపల పెట్టుకునేవాడు. ఆయన పళ్లు ముదురు గోధుమరంగుకు తిరిగాయి. డాక్టరమ్మ ముందు ఆయన నోరు తెరిస్తే నాకు సిగ్గుగా ఉండేది. కొన్ని నెలలకు గానీ నేను గమనించలేదు, ఆమెతో మాట్లాడేటప్పుడు ఆయన తువ్వాల అంచు నోటికి అడ్డం పెట్టుకుంటున్నాడు. ఆ రోజు నామీద నాకే కోపం వచ్చింది.

రెండేళ్లకు క్లిప్పులు తీసేశారు. నాలుకకు పళ్లు కొత్తగా, నున్నగా తగిలాయి. అప్పుడు డాక్టరమ్మ బాపును కూడా కుర్చీలో కూర్చోమంది.

"నాకెందుకమ్మా, బాయిల చీకట్ల ఎవలు చూస్తరు," అన్నాడు.

"కూసో బాపు," అన్నాను. కూర్చున్నాడు.

శుభ్రం చేస్తుంటే చిగుళ్లలోంచి రక్తం వచ్చింది. మరకలు చాలావరకు పోయాయి. పాలలాగా తెల్లగా అవుతాయా అని ఆయన అడిగితే, పంటి అసలు రంగే కొంచెం పసుపనీ, అది మురికి కాదనీ, ఇంకా తెల్లబరచాల్సిన పని లేదనీ ఆమె చెప్పింది. తర్వాత ఆయన కింది పెదవిని వేలితో తిప్పి చాలాసేపు చూసింది. తంబాకు పెట్టుకునే చోట ఒక తెల్లటి మచ్చ ఉంది.

"ఇప్పుడే మానేస్తే ఇది తగ్గొచ్చు. మానకపోతే రేపు ఏమవుతుందో నేను చెప్పలేను," అంది.

మరునాటి నుంచి తంబాకు బదులు సోంపు పొట్లం కట్టుకుని డ్యూటీకి పోయాడు. తలనొప్పి అనేవాడు, ఊరికే చిరాకుపడేవాడు. రెండుసార్లు తప్పాడు కూడా. ఆ రెండుసార్లూ తనే వచ్చి, "ఇయ్యాల పెట్టుకున్న బిడ్డా," అని నాతో చెప్పాడు. రేపు పెట్టుకోకు అనేదాన్ని.

ఆరు నెలలకు నా పళ్లు చూపించడానికి మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ నా పళ్లను ఒకసారి చూసి బాగున్నాయంది. బాపు పెదవిని మాత్రం వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది. మచ్చ కనిపించలేదు. అయినా ప్రతి ఏడాదీ వచ్చి చూపించుకోమంది. ఆయన తలూపాడు.

బయటికొచ్చాక చాయ్ తాగుదామన్నాడు. రెండు తాగాడు.