యాభై ఎనిమిది సెకన్ల మగ్గం

ఒక బరువు దెబ్బ, ఒక తేలిక దెబ్బ. మళ్లీ బరువు, మళ్లీ తేలిక. మధ్య మధ్య కర్రముక్క ఏదో అటు నుంచి ఇటు జారినట్టు సన్నటి మోత. ఆదోనిలో మా వీధి చివర, పత్తి మిల్లు గోడకు ఆనుకున్న ఇంట్లోంచి వస్తోంది ఆ చప్పుడు. అది మగ్గం చప్పుడని నాకు తెలుసు. ఆ ఇంట్లో మగ్గం లేదనీ తెలుసు. ఇంటాయన ఇశ్రాయేలు ఆ మిల్లులోనే పత్తి బేళ్లు మోస్తాడు. వాళ్ల వంశంలో నేసినవాళ్లెవరూ లేరు.

గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. సాగి సాగి, చివర ఎవరో ఊపిరి లోపలికి తీసుకున్నట్టు వినబడి, చప్పుడు తెగిపోయింది. కాసేపు ఏమీ లేదు. మిల్లు మీద నుంచి ఎగిరొచ్చిన దూది పింజ ఒకటి తలుపు చెక్కకు అంటుకుంది. తర్వాత మళ్లీ మొదలైంది. ఒక బరువు, ఒక తేలిక.

"రాన్నా, లోపలికి రా."

ఇశ్రాయేలు పెద్ద కూతురు కృప నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా స్టీలు చెంబు, అందులో నిలబెట్టిన ఫోను. గట్టిగా వినబడాలని అలా పెట్టిందట. ఇరవై ఏళ్ల పిల్ల, డిగ్రీ చివరి సంవత్సరం. కళ్ల కింద నీడలు చూస్తే అంత చిన్నపిల్లలా లేదు.

నన్ను పిలిచింది ఒక కాగితం దిద్దడానికి. ఆమె ఫోనుతో తీసిన ఏడు నిమిషాల సినిమాకు కర్నూలులో విద్యార్థుల పోటీలో రెండో బహుమతి వచ్చింది. 'ఈ చిత్రం తీసి నేర్చుకున్న పాఠాలు' రాసిమ్మని, కాలేజీ సంచికలో వేస్తామని వాళ్ల సారు అడిగారు. కాగితంలో మూడు పాఠాలున్నాయి. వెలుతురు కిటికీ వైపు నుంచి రావాలి. కెమెరా వైపు చూడవద్దని ముందే చెప్పాలి. తీసిన ప్రతిచోటా మాటలు లేకుండా అక్కడి చప్పుడు ఒక నిమిషం విడిగా రికార్డు చేసుకోవాలి. తర్వాత నాలుగు అని అంకె. దాని పక్కన ఏమీ లేదు. పెన్ను మొన ఆనించి ఆనించి అక్కడ కాగితం చిల్లు పడింది.

"నాలుగోది ఏం రాయాల్నో తెలీదన్నా" అంది. చెంబులో మగ్గం ఆడుతూనే ఉంది.

ఆ మగ్గం యెమ్మిగనూరుది. నేసే మనిషి పేరు ఉరుకుందు. డెబ్భై దాటినవాడు. కృపతో చదివే జోయల్ ఇల్లు ఆ సందులోనే. నేతగాడి మీద సినిమా తీస్తానని ఆమె అంటే జోయలే తీసుకుపోయి చూపించాడు. ఉరుకుందుకు ఎడమ కాలు చిన్నప్పుడే సన్నబడింది. మగ్గం కింది గుంటలో కూర్చుని కాళ్ల కింది చెక్కలు మార్చి మార్చి తొక్కుతుంటే కుడికాలు పడినప్పుడు బరువుగా, ఎడమకాలు పడినప్పుడు మెత్తగా మోగేది మగ్గం. ఆ సందులో ఎన్ని మగ్గాలు ఆడుతున్నా అది ఉరుకుందుదేనని కళ్లు మూసుకుని చెప్పొచ్చునని జోయల్ అనేవాడు.

దసరా సెలవుల్లో మూడు రోజులు తీశారు. కృపకు దర్శకత్వం నేర్పింది ఫోనే. అందులో చూసినట్టే మాటలు రాసుకుంది, షాట్లు గీసుకుంది, 'యాక్షన్' అంది, 'కట్' అంది. ఉరుకుందు చెప్పవలసిన మొదటి మాట, "ఈ మగ్గమే నా ఊపిరి."

"ఎవురు మాట్లాడ్తారు పాపా ఇట్ల?" అన్నాడు ఉరుకుందు. "మగ్గం నా ఊపిరైతే, నేను సచ్చినప్పుడు నాతోపాటు దాన్ని గూడ పూడ్సాల్నా?"

జోయల్ నవ్వాపుకోలేక చేతిలోని లైటును ఊపేశాడు. కట్.

"తాతా, రాసింది రాసినట్టు సెప్పు."

"రాసినోళ్లు సెప్పుకోండి. నేను నేస్తా."

మళ్లీ యాక్షన్. రెండు దెబ్బలు పడ్డాయో లేదో, మెడ తిప్పి వంటింటి వైపు అరిచాడు. "ఓ దేవీ! ఈ పాపకు ఇంత మజ్జిగియ్యి. పొద్దన్నుంచి యాక్షను యాక్షను అని గొంతెండిపోయింది."

లోపల నుంచి ఆయన భార్య దేవక్క అందుకుంది. "పాప గొంతు ఎండుతాది. నీ గొంతు ఎండితే నా పానం సుకంగా ఉండు."

కట్.

ఆ ఒక్క మాటకు ఇరవై మూడు సార్లు తీయవలసి వచ్చింది. పాడైన ప్రతిసారీ ఆయన ఏదో ఒకటి చెప్పేవాడు. తొలిసారి తెగిన పోగు గురించి, కాలు సన్నబడిన ఏడు గురించి, పెళ్లిలో దేవక్క కట్టుకున్న చీర తానే నేశానని, అంచు రంగు తప్పిందని, ఆమె యాభై ఏళ్లుగా దెప్పుతోందని. కృప తల పట్టుకునేది. జోయల్ ఫోను ఆపడం మరచిపోతే అవన్నీ అందులో పడుతుండేవి.

మూడో రోజు సాయంత్రం, ఎండ మగ్గం మీద నుంచి గోడ ఎక్కుతున్నప్పుడు, కృప ఉత్త చప్పుడు రికార్డు చేయడానికి కూర్చుంది. "తాతా, ఒక్క నిమిషం నేస్తా ఉండు. మాట్లాడొద్దు. నోరు తెరిస్తే మళ్లీ మొదటికొస్తాది."

"దగ్గొచ్చునా?"

"దగ్గు గూడ వద్దు."

దేవక్క గడప మీద కూర్చుని నవ్వింది. "యాభై ఏండ్లనుంచి నాతో కాని పని. సూస్తాం పాపా, నీతో అయితాదేమో."

అయింది. ఉరుకుందు పెదవులు బిగించి, బడిపిల్లాడిలా వీపు నిటారుగా పెట్టి నేశాడు.

ఇంటికొచ్చి దిద్దుబాటుకు కూర్చున్నప్పుడు తెలిసింది, మగ్గం మోతలో ఆయన మాట మునిగిపోయిందని. తేలిన చోట కూడా ఆ యాస కర్నూలుకు వచ్చే బయటి న్యాయనిర్ణేతలకు ఎట్లా అర్థమవుతుందమ్మా అన్నారు కాలేజీ సారు. జోయల్‌ది మంచి గొంతు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది అతనే. ఇదే గదిలో, మిల్లు రొద వినబడకుండా తల మీద దుప్పటి కప్పుకుని, జోయల్ ఆ మాటలన్నీ చదివాడు. 'ఈ మగ్గమే నా ఊపిరి.' కృప ఒక్కొక్క మాటనూ జరిపి జరిపి ఉరుకుందు పెదవులకు అతికించింది. పదకొండు రోజులు పట్టింది. చివరికి సినిమా మొత్తం ఒక ఫైలుగా తీసుకోబోతే, ఫోనులో చోటు చాలదంది. పాడైన షాట్లు వందకు పైగా ఉన్నాయి. అసలు షాట్లలోని పాత మాటలూ ఇక పనికిరావని, వాటిలో బొమ్మ మాత్రమే ఉంచింది. మిగతావన్నీ ఎంచుకుని, ఒక్కసారే తీసేసింది.

"వేస్టే గదా అనుకుంటినన్నా" అంది నాతో.

కర్నూలులో న్యాయనిర్ణేత ఒకాయన, నేసే పెద్దాయన ఎంత స్పష్టంగా పలికారో అని మెచ్చుకున్నాడు. వెనక వరుసలో జోయల్ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. కృప కూడా నవ్వింది. ఆ నవ్వు సంగతి చెప్పేటప్పుడు ఆమె చెంబును తన వైపు లాక్కుంది, అది చల్లగా ఉందో వెచ్చగా ఉందో చూస్తున్నట్టు.

బహుమతి వచ్చిన నెలకు ఉరుకుందు పోయాడు. రెండు రోజుల జ్వరం, అంతే. పెద్దకర్మ అయినాక దేవక్క కబురు పెట్టింది, సినిమా చూపించమని.

కృప జోయల్‌ను వెంటబెట్టుకుని పోయి, ఆమె ఒళ్లో ఫోను పెట్టింది. మొగుడి చేతులు కనబడగానే దేవక్క అద్దం మీద వేలు ఆనించింది. బొమ్మ ఆగిపోయింది. కృప మళ్లీ కదిలించింది. ఉరుకుందు నోరు తెరిచాడు. జోయల్ గొంతు వచ్చింది.

దేవక్క ఫోను తిప్పి వెనక వైపు చూసింది. "నోరు ఆయప్పదే. మాట ఎవురిది?"

జోయల్ లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు.

"ఆయప్ప మాట యాడ పెట్టినావు పాపా?" కోపంగా కాదు, గిన్నె ఎక్కడ పెట్టావని అడిగినట్టే అడిగింది. "మజ్జిగియ్యమని నా మీద అరిసినాడు సూడు, అదొక్కటి ఇనిపియ్యి సాలు. ఒక్కసారి నా పేరు పిలిస్తే ఇని, ఫోను కింద పెట్టేస్తా."

"ఎతికి తెస్తా అవ్వా" అంది కృప. పోయినవి దొరకవని అప్పటికే తెలుసు. అయినా అంది.

ఆదోని స్టేషను దగ్గర ఫోన్లు బాగుచేసే ఈరేష్ దాన్ని కంప్యూటరుకు తగిలించి ఒక పూటంతా కూర్చున్నాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరిపాడు. "తీసేసిన జాగా ఖాళీగా ఉంటే ఎట్లోకట్ల లాగుతుంటి పాపా. ఖాళీగా లేదే. నీ సినిమానే ఆడ కూసుండాది."

ఈ కాలంలో మనిషి గొంతును కంప్యూటరే తయారు చేస్తుందని జోయల్ అన్నాడు. నమూనాకు ఆ మనిషి మాట్లాడింది ఓ పది సెకన్లన్నా కావాలన్నాడు. "పది సెకన్లుంటే అదే ఆయమ్మకు ఇస్తా గదరా" అంది కృప. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మిగిలింది ఒక్కటే. ఆ నిమిషం చప్పుడు. అది వీడియో కాదు గనక వేరే చోట పడి ఉంది, తీసివేతలో పోలేదు. నిమిషం కూడా కాదు, యాభై ఎనిమిది సెకన్లు. మూడు రోజుల్లో ఉరుకుందు నోరు మూసుకుని ఉన్నది ఆ కాసేపే. అదే మిగిలింది.

తర్వాతి ఆదివారం, ప్రార్థన అయినాక, యెమ్మిగనూరు బస్సెక్కింది కృప. తోడు రమ్మంటే నేనూ పోయాను. ఆమె ఒళ్లో చిన్న ఎర్ర పెట్టె ఉంది, మంత్రాలయం పోయే భక్తులు భజన పాటలు వినడానికి కొనుక్కునేలాంటిది. అందులో ఒకే ఒక్కటి ఎక్కించింది. అయిపోతే అదే మళ్లీ మొదలవుతుంది. దారి పొడుగునా పత్తి చేలు ఏరడం అయిపోయి గోధుమరంగు పుల్లలుగా నిలబడి ఉన్నాయి. అక్కడక్కడ ఎవరూ ఏరని తెలుపు మిగిలి ఉంది.

ఉరుకుందు ఇంట్లో మగ్గం గుంట మీద పలకలు పరిచారు. పలకల మీద జొన్నల మూట. దేవక్క మా వైపు కాదు, పెట్టె వైపు చూసింది. "దొరికినాడా?"

కృప మీట నొక్కింది.

ఒక బరువు, ఒక తేలిక. దేవక్క చేతిలోని చేట కింద పెట్టింది. "ఆయప్ప కాలే" అంది. "ఎడమకాలు. అద్దో, సూడు, పడింది." గుంట మీది పలకల వైపు చూస్తూ, దెబ్బ దెబ్బకూ తల కొద్దిగా ఊపుతూ కూర్చుంది. చివర ఆ ఊపిరి వినబడింది. దేవక్క ముందుకు వంగింది.

"ఆఁ, సెప్పు" అంది పెట్టెతో.

పెట్టె మళ్లీ మొదటి నుంచి నేయసాగింది.

రెండోసారీ ఊపిరి దగ్గర వంగింది. మూడోసారీ. నాలుగోసారికి కృప వైపు తిరిగింది. "ఏమో సెప్పబోతాండాడు పాపా. అంతలోకి పోతాండాడు. నువ్వు ఆడనే ఉంటివి గదా, ఏం సెప్పినాడు?"

కృప ముఖం చూశాను. ఉరుకుందు నోరు తెరవబోతున్నాడని చూసి, చప్పుడు చెడిపోతుందని రెండు సెకన్లు ముందే ఆపింది తనేనని నాకు అంతకు ముందే చెప్పి ఉంది. ఆ తర్వాత ఆయన ఏదో అన్నాడు కూడా. ఆమె తల వంచుకుని, రికార్డు సరిగా వచ్చిందా అని ఫోనులో చూసుకుంటూ ఉండింది.

నీ పేరే పిలిచాడవ్వా అంటే చాలు. ఎంత చిన్న మాట. సినిమా అంతా ఆయనకు మాటలు రాసిన పిల్లే కదా. ఆ మాట ఆమె నోటిదాకా రావడం, పెదవుల దగ్గర ఆగడం నాకు కనబడింది. గది నిండా మగ్గం ఆడుతోంది.

"నేను ఇనలేదవ్వా" అంది కృప. "నేనే ఆపేస్తిని. ఏమో అన్నాడు. నేను ఇనలేదు."

దేవక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పెట్టె ఆపమనీ అనలేదు. కొంగు సవరించుకుని లేచింది. "రొట్టె కాలుస్తా. తినిపోండి" అంది. వంటింట్లో పిండి కలిపి, పీట మీద రొట్టె తట్టడం మొదలుపెట్టింది. ఆమె అరచేతి దెబ్బ కాసేపు దానిపాటికి అది పడింది. తర్వాత, ఆమెకే తెలియకుండా కావచ్చు, ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా పడసాగింది. ఊపిరి దగ్గరికి వచ్చినప్పుడల్లా చెయ్యి ఆగేది. రొట్టె మీదే ఆగి, కాసేపు చూసి, మళ్లీ తట్టేది.

కృప రొట్టె తుంచింది గానీ తినలేకపోయింది. పెట్టె అక్కడే వదిలి వచ్చాం. సందు మలుపు తిరిగేదాకా వినబడింది. తర్వాత మిగతా మగ్గాలలో కలిసిపోయింది.

బస్టాండులో ఆదోని బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కృప ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. ఊళ్లో పని ఉండి నేను కిందే నిలబడ్డాను. కాగితం నా జేబులోనే ఉంది, నాలుగో అంకె పక్కన చిల్లుతో. ఉండబట్టలేక అడిగాను, పేరు పిలిచాడని ఒక్క మాట చెప్పి ఉంటే ఆమెకు కాస్త నెమ్మదిగా ఉండేది కదా అని.

ఆమె కిటికీ కమ్మీ పట్టుకుని ఆలోచించింది. బస్సు కదిలింది.

"నోటిదాకా వచ్చిందన్నా. ఆయప్ప నోట్లో నా మాటలు పెట్టింది సాల్దా? మూడు దినాల్లో తాత నేను సెప్పినట్ల ఇన్నది ఆ ఒక్క నిమిషమే. దాన్నన్నా అట్లే ఉండనీ."