నాదస్వరం ఎదుట నిమ్మపండు

బందరు గ్రంథాలయంలో సంగీతం మీద ఉన్న పుస్తకాలన్నీ అప్పటికే చదివేశాను. నాకు పాడడం రాదు, వాయించడమూ రాదు. అయినా రాగాల గురించి ఎవరైనా తప్పు మాట్లాడితే సరిదిద్దకుండా వదిలేవాణ్ణి కాదు. పార్కు రేడియోలో ఒక నాదస్వర విద్వాంసుడి కచేరీ వస్తే మాత్రం నోరు మెదిపేవాణ్ణి కాదు. ఎప్పటికైనా ఆయన్ని కలిసి మాట్లాడాలని ఒక రాగం మీద మంచి ప్రశ్న కూడా సిద్ధం చేసుకున్నాను.

గుడివాడలో దూరపు మావయ్య కూతురి పెళ్లికి ఆయనదే మేళమని తెలిసి పొద్దుటి రైలెక్కాను. పెద్దల దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకూడదు, నిమ్మపండు ఇచ్చి నమస్కరించాలి. పుస్తకాల్లోనూ అదే ఉంది, మా ఇంట్లోనూ అదే మర్యాద. బజారులో ఏరి ఏరి ఒక పండు కొన్నాను. వాసన ఎలా ఉందో చూద్దామని దారిలో గోటితో గిచ్చాను కూడా.

ముహూర్తం దగ్గర పడుతోంది. పందిట్లో ఆయన వాయిస్తున్నారు. కీర్తన అయ్యేదాకా ఆగుదామని సరిగ్గా ఆయనకెదురుగా నిలబడి, పండును రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన చూపు దాని మీద పడింది. నాదస్వరం కీచుమంది. ఆయన గుటక వేసి, వాద్యం పీక తుడుచుకుని, మళ్లీ అందుకున్నారు. నన్ను గమనించారు కదా అన్న సంబరంతో ఇంకాస్త ముందుకు జరిగాను. ఈసారి కీచు కూడా రాలేదు.

డోలాయన కర్ర ఎత్తాడు. "ఏవయ్యోయ్! ఊదేవాళ్ల ముందు పులుపు పెడితే నోట్లో నీళ్లూరి ఊదలేరని తెలీదా? ఎవరు పంపారు నిన్ను?"

"ఇంకెవరు, మగపెళ్లివారే! మేళం ఆగితే మా పరువు పోతుందిగా," అంది ఆడపెళ్లివారిలో ఒక పెద్దావిడ.

"బావుందండీ! మీ చుట్టాన్ని మాకంటగడతారా?" అన్నాడు పెళ్లికొడుకు బాబాయి.

ఈ సంగతి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

విద్వాంసుడు నన్ను దగ్గరికి పిలిచారు. "ఏం బాబూ, మా మీద ఏం కోపం?"

"కోపం కాదండీ, అభిమానం."

"అమ్మో, కోపమే నయం!" అని పండు పుచ్చుకుని డోలాయన సంచీలో వేయించారు.

దొరికిందే అదననుకుని ప్రశ్న మొదలుపెట్టాను. "ఆ రాగంలో ధైవతం ఉంది చూశారూ..."

"నువ్వేమన్నా నాకు నిమ్మకాయే కనపడుతోంది నాయనా. వెళ్లి నా వెనక కూర్చో. నీ మొహం చూస్తే తాళి కట్టేవేళకి ఊదలేను."

శ్రుతిపెట్టె పక్కన కూలబడ్డాను. ఆయన వీపు తప్ప ఏమీ కనపడలేదు కానీ, తాళి కట్టేటప్పుడు మాత్రం పందిరి అదిరిపోయింది.

తరవాత తాంబూలాలు పంచుతూ ఒక పెద్దాయన మా వైపు వచ్చారు. నన్నూ మేళంలో మనిషే అనుకుని, "తమరేం వాయిస్తారండీ?" అని అడిగారు.

విద్వాంసుడు వెనక్కి తిరక్కుండానే అన్నారు. "ఆయన వాయించరండీ. ఆపిస్తారు."

"ఓహో, తాళం వేసేది తమరేనా!" అని పెద్దాయన నా చేతిలో తాంబూలం పెట్టి దణ్ణం పెట్టారు. నేను కాదనలేదు.