ఇసుక కింద ఒండ్రుమట్టి

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, మా ఇంట్లో ఎవరూ ఆమె మాట ఎత్తేవారు కారు. ఒకసారి అన్నం తింటూ నేను ఎత్తాను. నాన్న సగం కంచం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తరువాత నేనూ నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. పిల్ల ఎంత గట్టిదో, కంట తడి పెట్టలేదని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే గర్వంగా కూడా ఉండేది. కానీ నాన్న బట్టల కొట్టుకు పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. బడి నుంచి వచ్చి, తాళం తీసి ఆ ఇంట్లో అడుగు పెట్టలేక చాలాసేపు గడప మీదే కూర్చునేదాన్ని.

మా పెదనాన్న మురుంగపాక్కంలో ఉండేవాడు. మనుషులతో ముక్తసరిగా మాట్లాడేవాడు గానీ, వసారాలో పెంచే చేపలతో మాత్రం తెగ కబుర్లు చెప్పేవాడు. ఒక ఆదివారం ఆయన ఇనుప చట్రం ఉన్న పాత గాజుతొట్టి ఒకటి రిక్షాలో వేసుకొచ్చి మా కిటికీ దగ్గర పెట్టాడు. అది నాదేనట. ఇంట్లో నాకు తోడుగా ప్రాణమున్నది ఏదో ఒకటి ఉంటుందని సంబరపడిపోయాను. నీళ్ళు పోసి చేపలు వదిలేయడమేగా అనుకున్నాను.

ముందు మొక్కలు వేళ్ళూనాలి, ఆ తరువాతే చేపలు అన్నాడు పెదనాన్న. కిరుమాంబాక్కం పొలం నుంచి ఒండ్రుమట్టి తెచ్చి, ఎండబెట్టి, నలగ్గొట్టి, జల్లెడ పట్టాడు. నేను సముద్రపు ఒడ్డు నుంచి పావడలో ఇసుక మోసుకొచ్చాను. పెదనాన్న దాని మీద నిమ్మకాయ పిండితే బుసబుస పొంగింది. అందులో గవ్వల పొడి ఉందని, అది కరిగిన నీళ్ళు మొక్కలకు పడవని చెప్పి దాన్ని పెరట్లో పోయించాడు. ఏటి ఇసుక తెప్పించి, కడిగిన నీళ్ళు తేటపడేదాకా నా చేతనే కడిగించాడు. కింద మట్టి, పైన పలచగా ఇసుక, ముందువైపు తక్కువగా, వెనకవైపు ఎత్తుగా పరిచి, మొక్కలు నాటడం మరుసటి రోజుకు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ నల్లటి మట్టి గాజులోంచి కనిపిస్తుంటే నాకు నచ్చలేదు. ఎక్కడ పైకొచ్చి నీళ్ళన్నీ బురద చేస్తుందోనని భయం. మిగిలిన ఇసుకంతా దాని మీద పోసి, బెత్తెడు మందాన గట్టిగా అదిమేశాను. మర్నాడు పెదనాన్న హడావిడిలో గమనించలేదో, చూసి ఊరుకున్నాడో తెలియదు. రిబ్బన్లలాంటి మొక్కలు నాటి, ఇసుక చెదరకుండా పళ్ళెం మీదుగా నీళ్ళు పోశాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

కొన్ని వారాలకు ఆకులు పసుపెక్కాయి. ఒక మొక్కను ముట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. వేళ్ళు నల్లగా కుళ్ళి, కుళ్ళిన గుడ్డు కంపు కొట్టాయి. నా దగ్గర ఉన్నదేదీ బతకదు అనుకున్నాను. అప్పుడు కూడా ఏడవలేదు.

ఆదివారం పెదనాన్న వచ్చాడు. నాన్న పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాడు. పెదనాన్న తొట్టిని చూసి కోప్పడలేదు. మూలనున్న విరిగిన గొడుగు నుంచి పుల్ల ఒకటి లాగి, ఇసుకలోకి నిదానంగా దింపాడు. బుడగలు బుడబుడమని పైకొచ్చాయి.

"ఇంత మందాన కప్పేస్తివే, కింద మట్టికి గాలి యాడ ఆడతాది?" అన్నాడు.

మట్టంతా తీసి పారేద్దామా అని అడిగాను.

"పారేస్తే మొక్క ఏంది తిని బతకతాది? మట్టి ఉండాల్సిందే. అప్పుడప్పుడూ ఇట్ట గుచ్చి వదలాల, అంతే. కెలకొద్దు."

పుల్ల నా చేతికిచ్చాడు. నేను గుచ్చుతుంటే, కంపు ఇల్లంతా కమ్మింది. అప్పుడు ఆయన, నా వైపు చూడకుండా, పక్క గదికి కూడా వినపడేలా అన్నాడు.

"మీ అమ్మ ఉండుంటే ఈ కంపుకి ముక్కు మూసుకోని వీధిలోకి పరిగెత్తుండును."

నా చెయ్యి ఆగిపోయింది. పక్క గదిలో పేపరు చప్పుడు కూడా ఆగింది. నాన్న లేచి బయటికి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన లేచాడు. వచ్చి మా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"వీధిలో ఎండుచేపలామె వస్తేనే తలుపేసుకునేది గదన్నా," అన్నాడు.

ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇద్దరిలో ఎవరూ నన్ను ఊరుకోమనలేదు. కాసేపటికి పెదనాన్న, ఆ మూల ఇంకా గుచ్చలేదు చూడు అన్నాడు. ఏడుస్తూనే గుచ్చాను. ఆ సాయంత్రం ముగ్గురం కలిసి పైనున్న ఇసుక తోడేసి, మిగిలిన మొక్కలు మళ్ళీ నాటాం. చేపలు చాలా రోజులకు గానీ రాలేదు. అయినా తాళం తీసి ఆ ఇంట్లోకి రావడం అప్పటి నుంచి కొంచెం తేలికయింది.

ఇప్పుడు మూలకుళంలో నా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. కిటికీ దగ్గర తొట్టి ఉంది, దాని పక్కన గొడుగు పుల్ల ఉంది. పోయినేడు మావారు పోయారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు వానల గురించి, కూరగాయల ధరల గురించి మాట్లాడతారు గానీ ఆయన ఊసెత్తరు. నా మీద జాలితోనే, నాకు తెలుసు. అందుకే కాఫీ గ్లాసులు చేతికిచ్చి, ఆయనకు చక్కెర ఎంత వేసినా చాలేది కాదని నేనే మొదలుపెడతాను. వాళ్ళు ఒక్క క్షణం గ్లాసు వైపు చూస్తారు. తరువాత ఎవరో ఒకరు నవ్వి, మా ఇంటికొచ్చినప్పుడు కూడా అంతే కదక్కా అంటారు.