మా మామ ఏరిన గాలాలు

మా మామ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసినాడు. మామంటే నా పెనిమిటి తండ్రి. పలమనేరు దిగువన, డ్యాం పక్క ఊరు మాది. నలభై ఏండ్లు ఆ నీళ్ళమీద గుండ్రటి పుట్టిలో తిరుగుతూ, వెనక గాలం లాక్కుంటూ వాలుగ చేపలు పట్టిన మనిషి. పేపర్లో రాయదగ్గ పనేమీ చేయలేదు. నాకు మాత్రం ఒక విద్య నేర్పిపోయినాడు. అది ఇప్పుడు ఎందుకూ పనికిరాదు.

నేను కాపురానికి వచ్చేసరికే చక్కెరజబ్బుతో ఆయన చూపు మసకబారింది. అత్త అప్పటికే లేదు. నా పెనిమిటి లారీ మీద బెంగళూరు, మద్రాసు తిరిగేవాడు. పుట్టిలో తోడు వచ్చేవాళ్ళు లేక ఒకరోజు నన్నే అడిగినాడు, తెడ్డు వేస్తావా అని. కోడలు మామతో పుట్టెక్కడమేందని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వినారు. ఆయన పట్టించుకోలేదు.

వల వేసేవాళ్ళకు ఏ చేపైనా ఒకటే. లాగుడు గాలానికి అట్లా కాదు. పుట్టి నిదానంగా పోతుంటే, ఇరవై బారల వెనక గాలానికి కట్టిన తళుకు రేకు చేపపిల్ల మాదిరి ఊగుతూ రావాలి. దాన్ని చూసి వాలుగ మోసపోవాలి. అందుకే ఆయనకు పుట్టెక్కడం కంటే, వసారాలో కూర్చుని సామాను ఏరుకోవడమే పెద్ద పని. గాలం మొనను బొటనవేలి గోటిమీద గీసేవాడు. జారితే పక్కన పెట్టేవాడు, గోటిని పట్టుకుంటే ఉంచుకునేవాడు. తంగూసు దారాన్ని పెదాల మధ్య లాగి ఎక్కడ గీరుకుపోయిందో చెప్పేవాడు. వాలుగ కోరపండ్లకు తంగూసు ఆగదని రేకుకు ముందు జానెడు సన్నతీగ కట్టించేవాడు. నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో మాత్రం నేను చెప్పాలి. బురదనీళ్ళంటే రాగి రేకు, తేటనీళ్ళంటే స్టీలు రేకు. అవి కూడా పాత గరిటెలు కోసి ఆయనే చేసుకున్నవి.

ఏడాదికొకసారి తిరుపతిలో గాలాలమ్మే అంగడికి బస్సులో పోయేవాళ్ళం. మొదటిసారి పోయినప్పుడు నేను అన్నిటికంటే పెద్ద గాలం ఎత్తి ఆయన చేతిలో పెట్టినాను. తడిమి వెనక్కిచ్చినాడు.

"చేప నోరు సూసి గాలం కొనాలమ్మా. మన ఆశ సూసి కాదు."

నేను గబగబా తెడ్డేసినా కోపగించుకునేవాడు కాదు. తొందర చేపకుండాలగానీ పుట్టికి ఉండకూడదనేవాడు. నా మొదటి వాలుగ దారం లాగినప్పుడు ఆయన చెయ్యి పెట్టలేదు. తెడ్డు అందుకుని, పుట్టి గిర్రున తిరక్కుండా పట్టుకుని కూర్చున్నాడు. చేప పైకొచ్చేసరికి నా అరచెయ్యి కోసుకుపోయింది. ఇంటికొచ్చినాక ఆయనే తడుముకుంటూ పసుపు తెచ్చి అద్దినాడు.

మూడేండ్ల కిందట డ్యాంలోకి ఎవరో ఆఫ్రికా క్యాట్‌ఫిష్ చేపలు వదిలినారు. అవి గుడ్లూ పిల్లలూ అన్నీ తినేసినాయి. వానలు తగ్గి నీళ్ళూ అడుగంటినాయి. వాలుగ పడటం ఆగిపోయింది. ఆయన మాత్రం తప్పు సామానులో ఉందనుకున్నాడు. తంగూసు లావైందని సన్నది తెప్పించినాడు. రేకు బరువైందని అరగదీసినాడు. తీగ తీసేయించినాడు, మళ్ళీ కట్టించినాడు. రోజూ పొద్దున్నే పోయేది, ఒట్టి చేతులతో వచ్చేది. ఆయన ఏది కట్టమంటే అది కట్టినాను. ఉన్నమాట చెప్పే ధైర్యం నాకు లేదు.

ఒకరోజు పుట్టిలోనే అడిగినాడు.

"నిజం సెప్పమ్మా. నేను ఏరేదాంట్లో తప్పుండాదా?"

ఉందని చెప్పి ఉండొచ్చు. ఇంకొక రేకు కోసుకునేవాడు. ఆ అబద్ధం నేను చెప్పలేకపోయినాను.

"నువ్వు ఏరినదాంట్లో తప్పులేదు మామా. ఈ నీళ్ళల్లో వాలుగ లేదు."

ఆయన నీళ్ళవైపు ముఖం తిప్పినాడు. ఎప్పటినుంచి తెలుసని అడిగినాడు. ఏడాదయిందన్నాను.

"అయితే ఏడాదిగా నాకోసరం ఊరికే తెడ్డేసినావు," అన్నాడు. కోపంగా కాదు. దారం చుట్టేయమన్నాడు.

ఆ పొద్దు తర్వాత ఆయన పుట్టెక్కలేదు. కాలికి పుండు లేచింది, మానలేదు. కాలు తీసేయాలని డాక్టర్లు చెబితే వద్దన్నాడు. వసారాలో కూర్చున్నా సామాను పెట్టె అడగలేదు. నేనే ఒకసారి తెచ్చి చేతికిస్తే, తెరవకుండానే పక్కన పెట్టినాడు. నాలుగు నెలలు అట్లా గడిచినాయి.

వాలుగ లేదన్న ఆ మాట చెప్పినందుకు నన్నెవరూ ఏమీ అనలేదు. ఎవరికీ తెలియదు కూడా. ఆయన మళ్ళీ అదే అడిగితే ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. నాకొక పని చేతనవుతుందని మొదట నమ్మిన మనిషి ఆయన. ఆయనకు నేను తిరిగి ఇచ్చింది ఆ మాటే.

మామ పోయిన మూడోరోజు నా పెనిమిటీ నేనూ బూడిద తీసుకుని డ్యాంకు పోయినాం. నీళ్ళు చాలా లోపలికి పోయినాయి. మోకాటిలోతు బురదలో నడిచి నడిచి, చీలమండ మునగని నీళ్ళల్లో వదిలినాం. గాలి లేదు. గట్టెక్కి తిరిగి చూస్తే, పాచిపట్టిన నీళ్ళమీద ఆ బూడిద తెల్లటి మరకగా, కదలకుండా పడినచోటే ఉంది.