అడివికి పోమని చెప్పిన మాసమ్మ

“మొన్న మా ఊరికొచ్చిన సర్వే సారుకు అడివి దిక్కు మేం పోనే పోమని నేనే చెప్పిన అమ్మా. ఎట్ల చెప్పిన్ననుకున్నరు? గడ్డిమోపు నెత్తిమీద పెట్టుకొని చెప్పిన!”

మాసమ్మ నవ్వుతూ సీతాఫలాల గంప దించి మనోరమ ఇంటి మెట్టు మీద కూర్చుంది. పాలమూరు దిక్కు తమ ఊళ్ళో గుట్టెక్కి కోసుకొచ్చిన పండ్లు పొద్దున చిక్కడపల్లిలో సగం అమ్మి, మిగిలినవి అశోక్‌నగర్ సందుల్లో పరీక్షలకు చదివే పిల్లలకు అమ్ముకుంటూ ఇక్కడిదాకా వస్తుంది. పండ్ల కాలం దాటితే భర్త తిమ్మప్పతో నారాయణగూడలో ఇళ్ళు కట్టే పనికి పోతుంది. మనోరమ ఏడేళ్ళుగా ఆమె దగ్గరే పండ్లు కొంటోంది. కొనడం ఐదు నిమిషాలు, కబుర్లు వినడం గంట.

“మరి సర్వే సారు నమ్మాడా?”

“నమ్మకేం! ఆయన పక్కనే అడివి వాచర్ నిలబడె. పోతమంటే జుర్మానా ఏస్తడని ఊరు ఊరంతా గదే మాట. ఒక ముసలామె అయితే ‘అడివా? గదెక్కడుంది బిడ్డా?’ అనె. ఆమె ఇంటెనకనే గుట్ట!”

ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. ఆ తర్వాత మాసమ్మ ఫోన్ తీసి, ఊరి నుంచి మరిది పంపిన ఫొటో చూపించింది. పంచాయతీ గోడకు అంటించిన నోటీసు. మనోరమ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. గుట్టమీది భూమిని ఎవరూ వాడుకోవడం లేదని సర్వేలో తేలిందట. అందుకని సర్కారువాళ్ళు పొదలు తీసేసి జామాయిల్ తోట వేస్తారట. అభ్యంతరాలుంటే సోమవారంలోగా బషీర్‌బాగ్ ఆఫీసులో రాసివ్వాలట. ఇవాళ శనివారం.

“పొదలంటే ఏందమ్మా?”

“మీ సీతాఫలం చెట్లే.”

మాసమ్మ గంపను దగ్గరికి లాక్కుంది.

ఇరుగుపొరుగుకు దరఖాస్తులు రాసిపెట్టడం మనోరమకు అలవాటు. ఎవరూ నేర్పలేదు, అడిగి అడిగి నేర్చుకుంది. లోపలికెళ్ళి కాగితం, క్యాలెండర్ తెచ్చింది. “ఏ నెలలో గుట్ట మీంచి ఏం తెస్తారో చెప్పు.”

“నెలలు నాకేం ఎరుక? పండుగలు చెప్త, మీరే సదురుకోండ్రి. బతుకమ్మకు గునుగు, తంగెడు. పోయినేడు మీ బతుకమ్మల తంగెడు మా గుట్టదే గదా! దసరాకు సీతాఫలం. ఉగాదికి మోదుగాకు, ఇస్తార్లు కుడతం. ఎండలకు తునికిపండ్లు. వానలకు మ్యాకలకు గడ్డి.”

“ఎవరు ఎక్కడైనా కోసుకోవచ్చా?”

“గట్లెట్లయితది! పడమటి దిక్కు మా కింది వాడోళ్ళది, తూర్పు దిక్కు మీది వాడోళ్ళది. మొగుడు లేనామెకు బాట పక్కన చెట్లు ఇడుస్తరు. ఒక్కతే గంప మోసుకుంట దూరం పోవద్దని.”

మనోరమ కలం ఆగింది. ఎవరూ వాడుకోని భూమిలో ఎవరి చెట్టు ఎవరిదో ఇంత ఖచ్చితంగా ఉందా! ఆ మాట విడిగా రాసి, కింద గీత గీసింది.

“ఇక్కడ నీ పేరు రాయాలి మాసమ్మా. రాస్తే అడవికి పోతున్నట్టు నువ్వే ఒప్పుకున్నట్టు. ఆలోచించుకో.”

మాసమ్మ కలం అందుకుంది. అన్నానికి పని దిగిన తిమ్మప్ప భార్యను వెతుక్కుంటూ అప్పుడే వచ్చాడు. సంగతి విని గోడకు ఆనుకున్నాడు.

“వాచర్ పట్టుకుంటే?” అంది మాసమ్మ.

“పట్టుకుంటే పట్టుకోనీ. నీ నోరు ఇన్నంక ఆడే ఇడిసిపెడ్తడు.”

“నీ పేరు గూడ రాయిస్త ఆగు!”

“నేనా? నేను అడివి దిక్కు పోనే పోను!” అన్నాడు తిమ్మప్ప, చేతులు కట్టుకుని, అచ్చం సర్వే సారు ముందు నిలబడ్డట్టు. మనోరమకు నవ్వాగలేదు. మాసమ్మ అతని వీపు మీద ఒక్కటి వేసి, కాగితం మోకాలి మీద పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. కింద జాగా వదిలింది.

“నువ్వు గూడ రాయి. నవ్వులాట కాదు.”

తిమ్మప్ప సిమెంటు చేతులు లుంగీకి తుడుచుకుని రాశాడు.

మాసమ్మ పెద్ద పండ్లు నాలుగు ఏరి మనోరమ ఒళ్ళో పెట్టి లేచింది. “సోమారం పొద్దుగాలనే మీరే పోయి ఇచ్చి రాండ్రమ్మా. నకలు మీద ముద్రేయించుకోకుంట రాకుండ్రి. గా సర్వే సారుకు నా మాటగ చెప్పుండ్రి. మల్ల రమ్మనుండ్రి, ఈసారి ఆడోళ్ళతోటి గుట్టెక్కినంకనే అడగమనుండ్రి. మంచి చెప్పులేసుకొని రమ్మనుండ్రి, ముండ్లుంటయి.”