మనిషి ఏడున్నడని అడిగిన కేసు

కోర్టుకు వెళ్లడం మానేయడానికి రెండేళ్ల ముందు, ఒక వానకాలం, నన్ను ఉచిత న్యాయ సహాయ ప్యానెల్లోకి తీసుకున్నారు. ఫీజు ఇచ్చుకోలేని వాళ్లకు ప్రభుత్వం తరఫున ఏర్పాటయ్యే వకీలునన్నమాట. అప్పటికి ముప్పై ఏళ్లుగా కోరుట్లలో, జగిత్యాలలో నేను చేసినవి చాలావరకు భూమి తగాదాలే. ప్యానెల్లో నా చేతికొచ్చిన మొదటి కేసు హెబియస్ కార్పస్. నిర్బంధంలో ఉన్న మనిషిని తెచ్చి కోర్టు ముందు నిలబెట్టమని హైకోర్టును కోరే దరఖాస్తు అది. అంతకు ముందు ఒక్కటీ వేసి ఎరుగను.

వచ్చినామె పేరు సుగుణ. పుట్టిల్లు కోరుట్ల, అత్తగారిల్లు సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. భర్త శ్రీనివాస్ మరమగ్గాల మెకానిక్. మంగళవారం పదిన్నరకు ఆమె సద్ది తీసుకుని మగ్గాల షెడ్డుకు వెళ్లేసరికి, మఫ్టీలో ఉన్న ముగ్గురు అతన్ని కారెక్కిస్తున్నారు. పక్క రాష్ట్రం పోలీసులమన్నారు. అక్కడి ఒక మగ్గాల పట్నంలో నూలు బండి దొంగతనం కేసట. పదేళ్ల కిందట శ్రీనివాస్ ఆ పట్నంలో పని చేసిన మాట నిజమే. తండ్రి పేరడిగితే మల్లయ్య అని చెప్పాడు. వాళ్ల కాగితంలో వేరే పేరుంది. అయినా తీసుకుపోయారు. అతని ఫోను అప్పటి నుంచి పలకడం లేదు. సిరిసిల్ల పోలీసులను అడిగితే తమకే సమాచారమూ లేదని చెప్పి ఆమె ఫిర్యాదు రాసుకున్నారు. మరునాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

ఒక రాష్ట్రం పోలీసులు మరో రాష్ట్రంలో మనిషిని పట్టుకోవచ్చు. కానీ స్థానిక స్టేషన్‌కు తెలపాలి, దగ్గర్లోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచి, తమ రాష్ట్రానికి తీసుకువెళ్లడానికి అనుమతి పొందాలి. దాన్ని ట్రాన్సిట్ రిమాండ్ అంటారు. ఇక్కడ అదేమీ జరగలేదు. నా వాదనంతా దాని మీదే రాసి, అఫిడవిట్ సుగుణకు చదివి వినిపించాను. ఆమె సంతకం పెట్టలేదు.

"మేడం, మా ఆయన ఏ తప్పు చెయ్యలే. గది ఏడ రాసిన్రు?"

"గది ఈ కోర్టు అడగది సుగుణా. మనిషి ఏడున్నడు, ఏ కాయితం మీద పట్టుకున్నరు, గంతే అడుగుతది."

"దొంగ కాదని చెప్పుమంటే, కాయితం సూపలేదని చెప్తున్నరు. గట్లయితే దొంగనే గని కాయితం లేదన్నట్టయితది గదా."

ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో నా డ్రాఫ్టు మీద ఇంత సూటైన అభ్యంతరం ఏ జడ్జీ చెప్పలేదు. చివరికి ఆఖరి పేరాలో 'నా భర్త నిర్దోషి' అని చేర్చాను. కేసుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆమె అప్పుడు సంతకం పెట్టింది.

గురువారం తెల్లవారి మొదటి బస్సుకు హైదరాబాదు బయలుదేరాం. దారిలో ఆమె డబ్బా తెరిచి నాకు పులిహోర పెట్టింది. నేను బియ్యం బాగున్నాయన్నాను.

"రేషన్‌వే మేడం. మంగళారం పొద్దుగాల ఆయనే ఏలు పెట్టి తెచ్చిండు."

రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలిముద్ర పెడితే తారీఖు, సమయంతో చిట్టీ వస్తుంది. అది ఉందా అని అడిగాను. నేను ఆధార్ ఒక్కటే తెమ్మన్నాను గానీ, ఆమె ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక పాలిథిన్ సంచిలో వేసుకొచ్చింది. చిట్టీ అందులో ఉంది. మంగళవారం, తొమ్మిది నలభై.

అత్యవసరమైన కేసును ఉదయం ప్రస్తావిస్తే మధ్యాహ్నం విరామం తర్వాత వింటారు. లంచ్ మోషన్ అంటారు. ఇద్దరు జడ్జీల ధర్మాసనం పది నిమిషాలు విని, సోమవారం శ్రీనివాస్‌ను హాజరుపరచమని పక్క రాష్ట్రం పోలీసులను ఆదేశించింది.

సోమవారం ఒక ఎస్సై అతన్ని తీసుకొచ్చాడు. మాసిన గడ్డం, మంగళవారం నాటి చొక్కా. సుగుణ లేవబోతే నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. తాము అరెస్టే చేయలేదని వాళ్ల వకీలు చెప్పాడు. శ్రీనివాస్ ముందటి సోమవారమే తనంతట తాను తమ స్టేషన్‌కు వచ్చి విచారణకు సహకరిస్తున్నాడట. తంగళ్ళపల్లికి తమవాళ్లు రాలేదట. ఆ మాట నిలిస్తే మన హైకోర్టుకు ఇందులో పనే లేదు. నేను చిట్టీ అందించాను. సోమవారం అక్కడికి చేరినవాడు మంగళవారం పొద్దున తంగళ్ళపల్లిలో వేలిముద్ర ఎలా పెట్టాడని పెద్ద జడ్జి అడిగారు. వకీలు ఎస్సై వైపు చూశాడు.

జడ్జి శ్రీనివాస్‌నే నేరుగా అడిగారు, ఇష్టంతోనే వెళ్లావా అని.

"లేదు సార్. మగ్గం నడుస్తనే ఉండె. బంద్ చేసి వస్తనన్నా ఇనలే."

అరెస్టు చేయలేదని మీరే అంటున్నారు కాబట్టి అతను ఇప్పుడే ఇంటికి వెళ్లవచ్చని ధర్మాసనం ఆర్డరిచ్చింది. అతను మళ్లీ కావాల్సి వస్తే పోలీసులు వారెంటుతో సిరిసిల్ల మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలని, నేరం సంగతిలో తామేమీ చెప్పడం లేదని కూడా చేర్చింది.

వరండాలో సుగుణకు అంతా వివరించాను. భర్త పక్కనే ఉన్నాడు. ఆమె అతని చొక్కా చేతి అంచు పట్టుకునే ఉంది.

"మరి తప్పు చెయ్యలేదని రాయలే గదా మేడం. గెలిచినట్టు ఎట్లయితది?"

"ఇంకా కాలేదు," అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు.

నెలన్నరకు అదే ఎస్సై సరైన వారెంటుతో, స్థానిక పోలీసులను వెంటబెట్టుకుని సిరిసిల్ల వచ్చాడు. ఈసారి దొంగను కళ్లారా చూసిన నూలు బండి డ్రైవరును కూడా తెచ్చాడు. మేజిస్ట్రేటు ముందు డ్రైవరు శ్రీనివాస్‌ను చూసి, ఇతను కాదు, ఆ మనిషి పొట్టి అన్నాడు. తండ్రి పేరు ఎటూ కలవలేదు. వారెంటులోని వ్యక్తి ఇతను కాడని మేజిస్ట్రేటు రికార్డు చేశారు. ఆ ఎస్సై బయటికొచ్చి శ్రీనివాస్‌తో రెండు ముక్కలు మాట్లాడి చెయ్యి కలిపాడు. నాకు ఆయన మీద ఉన్న కోపం అప్పుడు సగం తగ్గింది. సుగుణ ఆర్డరు నకలు ఇప్పించమంది, రెండు కాపీలు కావాలంది. ఒకటి షెడ్డులో చూపించడానికట.

హెబియస్ కార్పస్ నేరం ఉందో లేదో తేల్చదు. ఆ ప్రశ్న సరైన చోట అడగడానికి మనిషిని తిరిగి తెస్తుంది, అంతే. ఈ సంగతి పుస్తకంలో ఎప్పుడో చదివాను. అయితే కక్షిదారుకు దాన్ని చెప్పేటప్పుడు, నీ ప్రశ్నకు వేరే కోర్టుంది అనాలి గానీ, నీ ప్రశ్న అనవసరం అనకూడదని సుగుణ దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత ప్రాక్టీసు చేసిన రెండేళ్లూ, ఏ కాగితం తేవాలో కక్షిదారులకు నేను చెప్పలేదు. ఉన్నవన్నీ తెమ్మన్నాను.