ఆగమ్మ నిండు బిందె

ఖాళీ బిందెతో మనిషికి ఎదురు రాకూడదని మా గల్లీలో ఆడపిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారు. పరీక్షకు పోయే పిల్లకు, ఆసుపత్రికి పోయే ముసలాయనకు, చివరికి బాకీ వసూలుకు వచ్చినవాడికి కూడా రాకూడదు. మేం చర్చికి పోయేవాళ్ళం. అయినా మా అమ్మ ఈ పట్టింపు వదలదు. ఎందుకమ్మా అని అడిగితే, "నీకేం తెల్వది కృపాకర్, నోరు మూసుకో" అని కసురుతుంది. మా పక్కింటి ఆగమ్మ కూడా ఆ పట్టింపే పాటించింది. ఆమె చేసిన తప్పు అదొక్కటే.

మా గల్లీ పాతబస్తీ చివర, కంచన్‌బాగ్ దాటాక ఒక గుట్ట వారన ఉంటుంది. నల్లాలు లేవు. రోజు విడిచి రోజు సర్కారు ట్యాంకర్ వచ్చేది. అది హారన్ కొట్టగానే డ్రమ్ములు, పైపులు, తోపులాట, లొల్లి. ఆ లొల్లిలో ఆగమ్మే ముందు. ఆమె పైపు ట్యాంకర్‌లోకి దిగిందంటే ఇంకెవరికీ సందు దొరకదు. వెనకనుంచి తిట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆమె తొందరకు కారణం ఆమె భర్త రాజన్న. ఇనుము కరిగించే ఒక చిన్న షెడ్డులో బతుకంతా పనిచేశాడు. సాయంత్రం ఒళ్ళంతా మసితో వచ్చి, వాకిట్లోనే రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించుకుని, తెల్ల బనియను తొడుక్కున్నాకే గడప దాటేవాడు. ఆకలితో నకనకలాడుతున్నా అంతే. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక అన్నీ ఆ మంచంలోనే. ఆగమ్మ పొద్దున ఇళ్ళలో అంట్లు తోమి వచ్చి, అతని ఒళ్ళు కడిగి, దుప్పటి మార్చి, తెల్ల బనియను తొడిగేది. అప్పుడుగానీ రాజన్న ముఖం తేటపడేది కాదు.

అలాంటి గల్లీకి నల్లాలు వచ్చాయి. రోడ్డు తవ్వారు, పైపులు వేశారు, ఇంటింటికీ నల్లా బిగించారు. పెద్ద లైనుతో కలపడం ఒక్కటే మిగిలింది. పెద్ద లైను ఉన్న రోడ్డు వేరే ఆఫీసు వాళ్ళదట, దాన్ని తవ్వడానికి పర్మిషన్ రావాలట. పర్మిషన్ రాలేదు. కాంట్రాక్టరు బిల్లు మాత్రం పాసైపోయింది. ఎలా పాసైందో గల్లీలో అందరికీ తెలుసు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. మేం ఆశ్చర్యపోవడం మానేసి చాలా కాలమైంది.

ఆ తర్వాత ప్రారంభోత్సవం పెట్టారు. ఆగమ్మ ఇల్లు గల్లీ మొదట్లో ఉంది కాబట్టి ఆమె నల్లాకే రిబ్బను కట్టారు. ఆమె నల్లాకు పసుపు రాసి, బొట్టు పెట్టింది. కాంట్రాక్టరు మేస్త్రీ కొత్త ప్లాస్టిక్ బిందె ఒకటి ఆమె చేతికిచ్చి, నల్లా పక్కన నిలబడమన్నాడు. నల్లా ప్రారంభించే పెద్దసారు కారు గల్లీలోకి తిరిగింది. అప్పుడు చూసుకుంది ఆగమ్మ తన చేతిలో ఏముందో.

"నీకు బుద్ధున్నదా? అంత పెద్దమనిషి ఒస్తుంటే ఉత్త బిందెతోని ఎదురు నిలబడమంటవా?" అని మేస్త్రీని కసిరి ఇంట్లోకి ఉరికింది. డ్రమ్ములో ఉన్న ట్యాంకర్ నీళ్ళు బిందె నిండా ముంచుకొచ్చి నల్లా కింద పెట్టింది. పెద్దసారు నల్లా తిప్పాడు. బుస్సుమని గాలి వచ్చింది. ఆయన అప్పటికే కెమెరా వైపు తిరిగి నవ్వుతున్నాడు. ఆగమ్మ కూడా నవ్వింది. మేం చప్పట్లు కొట్టాం. ఇవాళ కాకపోతే రేపు కలుపుతారులే అనుకున్నాం.

ట్యాంకర్ మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే డ్రైవరు, "మీ గల్లీకి బంద్ చేసిన్రు భాయ్. నల్లా నీళ్ళు ఒస్తున్నయంట గదా" అన్నాడు.

డబ్బులున్నవాళ్ళు ప్రైవేటు ట్యాంకర్ తెప్పించుకున్నారు. ఆగమ్మ తాను పనిచేసే ఇళ్ళ నుంచి డబ్బాలతో మోసుకొచ్చేది. ఎండలో, ఆ గుట్ట ఎక్కుతూ. రాజన్న స్నానం తడిగుడ్డతో తుడవడానికి దిగింది. తర్వాత ఆ తుడవడం కూడా రోజు విడిచి రోజైంది.

ఒకరోజు నేను ఒక పూట సెలవు పెట్టి ఆమెను నీళ్ళ ఆఫీసుకు తీసుకుపోయాను. అక్కడి ఇంజనీరు సోమశేఖర్. చెడ్డమనిషేం కాదు. ఆమెకు కుర్చీ వేయించి, కంప్యూటరు మా వైపు తిప్పాడు. తెర మీద ప్రారంభోత్సవం నాటి ఫోటో ఉంది.

"ఇది నువ్వే గదమ్మా?"

"నేనే సారూ."

"బిందె నిండున్నది గదా?"

"అవి మా ఇంట్ల నీళ్ళు సారూ. ఉత్త బిందెతోని ఎదురు రావద్దని నేనే ముంచుకొచ్చిన."

సోమశేఖర్ కళ్ళద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "మా ఇంట్ల గూడ గట్లనే అంటరమ్మా. కానీ గిది పైకి ఎట్ల రాయాలె? నీళ్ళు ఒస్తున్న గల్లీకి ట్యాంకర్ పంపితే నా జీతంల కోస్తరు."

"వచ్చి ఒక్కసారి చూడుండ్రి సార్" అన్నాను.

"చూస్త. చూసి నీళ్ళు రానే రాలేదని రాస్తే, మరి పెద్దసారు ఆ రోజు ఏం చాలూ చేసిండని అడుగుతరు. ఒచ్చి బందైనయని రాస్తే రిపేరు కిందికి పోతది. పైపు కొత్తది, దానికి ఇప్పుడే రిపేరు ఇయ్యరు."

పక్క గదిలో ఎవరో టిఫిన్ డబ్బా విప్పారు, పచ్చడి వాసన వచ్చింది. మేం లేచాం.

బస్సులో ఆగమ్మ, "ఆ సారు మంచిగనే మాట్లాడిండు బిడ్డా" అంది. నేను ఊఁ అన్నాను.

ఇంటికొచ్చాక దుప్పటి మార్చడానికి రాజన్నను ఎత్తిపట్టుకోమని నన్ను పిలిచింది. చేతులేసి లేపాను. దుప్పటి పొడిగా ఉంది. మనిషి తేలిగ్గా ఉన్నాడు. పెదవులు పగిలి, మూలల్లో తెల్లగా కట్టి ఉన్నాయి. గ్లాసు నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించాడు.

"పొద్దుగాల్నుంచి తాగలేదా పెద్దనాయినా?"

తల అడ్డంగా ఊపి, ఆగమ్మ వైపు చూశాడు. నాలుక సరిగా తిరగదు, అయినా ఆ మాట ఇద్దరికీ అర్థమైంది. "తాగితె... మల్ల దుప్పటి పిండాలె. నువ్వు... మోయాలె."

ఆగమ్మ నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది గానీ తాగించలేదు, పట్టుకుని నిలబడిపోయింది. ఈమధ్య దుప్పట్లు ఎక్కువగా తడవడం లేదని, దేవుడు తనకు కొంచెం పని తగ్గించాడని, మొన్ననే ఆమె మా అమ్మతో సంతోషంగా చెప్పుకుంది.